నాలందా విద్యాపీఠము – పరదేశవిద్యార్థులు

పరదేశవిద్యార్థుల నాకర్షించుట యెట్లని నేఁడు విద్యాపీఠములు విచారించుచున్నవి. ధనము, మందిరములు, ప్రకటనలు సాధనములని పలువురు చెప్పుదురు. నాలందను బరిశీలించినచోఁ బీఠముయొక్క యధ్యయనాచారమే యిందుఁ బ్రధానమని తోఁచుచున్నది.

7వ శతాబ్దమున నచ్చటఁ జదివిన హ్యూయన్ త్సాంగు వ్రాఁతనుబట్టి, ప్రవేశము గోరి వచ్చినవారిని ద్వారమునొద్దనే కఠినప్రశ్నలతోఁ బరీక్షించుచుండిరి. పదుగురిలో నేడెనమండ్రు మరలిపోవుచుండిరఁట. ఏ దేశమువాఁ డన్నది ప్రశ్న కాదు. ప్రాచీననవీనగ్రంథముల నెఱుఁగునా యన్నదే ప్రశ్న. లోనికిఁ బోయిన పరదేశి కేవలాతిథిగా నుండిపోలేదు. పీఠాచార్యుఁడగు శీలభద్రుఁడు (ఇతఁడును సమతటదేశీయుఁడేకాని మాగధుఁడు కాఁడు) హ్యూయన్ త్సాంగునకు యోగాచారభూమిశాస్త్రమును బోధించెను. పిదప మహాయానసంగ్రహమును సభలో వ్యాఖ్యానింపుమని యతనినే నియోగించెను. చీనదేశీయుఁ డుపన్యసింపఁగా నాలందవారు వినిరి! దీనికంటె గొప్ప యాతిథ్యమును నే నెఱుఁగను.

ఇంక శబ్దవిద్య. ఇది వైయాకరణులకుఁ బ్రీతికరము గావునఁ గొంత విస్తరించెదను. ఇత్సింగు 671లోఁ జీనానుండి బయలుదేఱి, సుమాత్రలోని శ్రీవిజయమున 6 మాసములు నిలిచి శబ్దవిద్య నభ్యసించెను. పిమ్మట భారతదేశమునకు వచ్చి నాలందలో దాదాపు 10 ఏండ్లు చదివెను. బాలురు 8వ యేట సూత్రపాఠము నారంభించి 8 మాసములలో వల్లింతురనియు, 15వ యేట వృత్తిని మొదలిడి 5 ఏండ్లలో గ్రహింతురనియు నతఁడు వ్రాసెను. భర్తృహరి కృతులనుగూడఁ బేర్కొనెను. చీనానుండి వచ్చువారు ముందుగా వ్యాకరణమును నేర్వనిచో శ్రమ వ్యర్థమనియు, శ్రీవిజయమున నొకటి రెండేండ్లు సాధన చేసి రావలెననియు హెచ్చరించెను. అనఁగా నాలంద తన పద్ధతిని సడలింపలేదు. ఆ పద్ధతికిఁ దగిన సన్నాహస్థానము సముద్రమార్గమధ్యమున నేర్పడెను. ఇత్సింగు మరలునపుడు సుమారు 400 సంస్కృతగ్రంథములను గొనిపోయెను.

ధనము నిరర్థకమని నా వాదము కాదు. 200లకు మించిన గ్రామములు నాలందకుఁ గలవని ఇత్సింగే చెప్పెను. 9వ శతాబ్దమున సువర్ణద్వీపరాజగు బాలపుత్రదేవుఁ డచ్చట విహారమును గట్టింపఁగా, దేవపాలుఁడు దానికి 5 గ్రామముల నొసఁగినట్లు తామ్రశాసనము కలదు. కాని యీ పరదేశరాజదానము విద్యాకీర్తి వెంబడి వచ్చినదేకాని దానికి ముందు రాలేదు.

2010 నాఁటి పార్లమెంటు చట్టముచే నేర్పడి, రాజగృహమున 2014లో బోధన మారంభించిన నూతననాలందలో బోధనభాష యాంగ్లము. నేఁటి స్థితిలో నది తప్పదు కాఁబోలును. అయినను మూలగ్రంథములు చదువఁగోరి వచ్చు పరదేశులకు వ్యాకరణమును దగ్గించి చెప్పుటకంటె, శ్రీవిజయమునందువలె ముందుగా నొక సన్నాహవర్గమును నడపుట మేలు. అందుకుఁ గావలసిన పండితులు మన సంస్కృతపాఠశాలలలో నింకను గలరు.