జెమినీ దగ్గర దిగాలి

చెన్నై సిటీ బస్సులో మౌంట్ రోడ్డు మీదుగా వెళ్లేవాళ్లు కండక్టరును "అన్నా ఫ్లైఓవర్" అని టికెట్ అడగడం అరుదు. "జెమినీ" అంటారు. 1973లో ఊరి మొదటి ఫ్లైఓవరు కట్టినప్పుడు దానికి అన్నాదురై పేరు పెట్టారు. కాగితాల మీద అదే పేరు. జనం మాత్రం పక్కనున్న సినిమా స్టూడియో పేరుతోనే పిలిచారు. తరవాత ఆ స్టూడియో పోయింది, ఆ స్థలంలో ద పార్క్ హోటల్ లేచింది. జెమినీ సినిమా ఒక్కటీ చూడని కాలేజీ పిల్లలు కూడా ఇవాళ జెమినీ దగ్గరే దిగుతున్నారు.

ప్రకటనల రంగంలో ఉన్నవాళ్లకు ఇలాంటివి కనబడితే ముందుగా కలిగేది అసూయ. వాళ్ల పని పేరును జనం నోట నానేలా చేయడం. అందుకోసం సినిమా తారలను పెడతారు, పాటలు కట్టిస్తారు, క్రికెట్ మ్యాచిలో ఓవరుకూ ఓవరుకూ మధ్య చోటు కొంటారు. ప్రచారం ఆగిన మరుసటేడు ఆ పేరు ఎవరికీ గుర్తుండదు. మరి మూతబడిన స్టూడియో, చేతులు మారిన కంపెనీ ఊరి పటంలో ఎలా నిలిచిపోయాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి చెన్నై కంటే మంచి ఊరు మన దగ్గర్లో లేదు.

హైకోర్టు ఎదురుగా ఉన్న పారీస్ కార్నర్ సంగతే చూడండి. థామస్ పారీ అనే ఆయన 1788లో మద్రాసులో వ్యాపారం మొదలుపెట్టాడు. కంపెనీ 1981లో మురుగప్ప వర్గం చేతికి వచ్చింది. బస్సుల్లో అరుపు మాత్రం ఇప్పటికీ "పారీస్, పారీస్" అనే. మౌంట్ రోడ్డు మీద ఎల్ఐసీ భవనం 1959లో పూర్తయింది. పద్నాలుగు అంతస్తులు, ఆనాటికి దేశంలోనే ఎత్తయినది. ఎల్ఐసీ అంటే పాలసీ కన్నా ముందు బస్టాపు గుర్తొచ్చేంతగా ఊళ్లో కలిసిపోయింది. 2019లో ఆ దారిలో మెట్రో వచ్చినప్పుడు స్టేషనుకూ ఆ పేరే పెట్టారు. బీమా సంస్థ అక్కడ తన ప్రచారం కోసం ప్రత్యేకంగా చేయాల్సిందేమీ మిగల్లేదు.

జెమినీ కథలో ప్రచారం పాత్ర చిన్నది కాదు. ఆ స్టూడియో నడిపిన ఎస్.ఎస్. వాసన్ సినిమాల్లోకి రాకముందు ప్రకటనలు సేకరించే పని, పోస్టులో సరుకులు అమ్మే వ్యాపారం చేసిన మనిషి. 1928లో ఆనంద వికటన్ పత్రిక కొన్నారు. స్టూడియో పెట్టాక బూరలు ఊదే ఇద్దరు పిల్లల బొమ్మను గుర్తుగా ఎంచుకున్నారు. 1942లో జెమినీ తీసిన 'బాలనాగమ్మ'తో తెలుగువాళ్లు కూడా ఆ బూర విన్నారు. 1948లో వచ్చిన 'చంద్రలేఖ'కు ముప్ఫై లక్షల దాకా ఖర్చయిందంటారు. దాన్ని హిందీలోనూ తీసి, దక్షిణాది సినిమా అంతవరకూ ఎరగనంత ప్రచారంతో దేశమంతా తిప్పారు. అందులో పెద్ద పెద్ద డోళ్ల మీద నాట్యం చూసినవాళ్లకు బూర పిల్లలూ గుర్తుండిపోయారు. బొమ్మ చిన్నది, శబ్దం ఉన్నది, అక్షరం రాని వాడికీ అర్థమయ్యేది. నేటి డిజైనర్లు వందల పేజీల నివేదికలు తయారుచేసి చివరికి వెతికేదీ ఈ మూడు గుణాలనే.

ఇక తెలుగువాళ్లు ఛాతీ విరుచుకుని చెప్పుకోవాల్సిన వంతెన ఒకటి ఉండేది. చెన్నైలో కాదు, మహారాష్ట్రలో. బొంబాయి–పుణె దారిలో ఖండాలా దగ్గర 1830లో బ్రిటిష్ వాళ్లు కట్టిన రాతి వంతెన అది. కొన్నేళ్లపాటు దానిమీద అమృతాంజనం ప్రకటన బోర్డు ఉండేది. అంతే, అది అమృతాంజన్ బ్రిడ్జి అయిపోయింది. బోర్డు తీసేశాక కూడా ఆ పేరు పోలేదు. కింద ఎక్స్‌ప్రెస్ వే వచ్చాక ట్రాఫిక్కుకు అడ్డమవుతోందని 2020 ఏప్రిల్ 5న, లాక్‌డౌన్‌లో రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, పేలుడు పదార్థాలు పెట్టి కూల్చారు. ఆ రోజు వార్తల్లో కూడా కూలింది అమృతాంజన్ బ్రిడ్జే.

ఆ తలనొప్పి మందు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిది. కృష్ణా జిల్లా నుంచి బయల్దేరి, 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త మందు, తెలియని పేరు. సంగీత కచేరీలకు వెళ్లి నమూనా సీసాలు ఉచితంగా పంచేవారని చెబుతారు. ఇది వినడానికి మామూలుగా ఉంటుంది గానీ ఆలోచిస్తే గొప్ప ఎత్తు. కచేరీకి వచ్చేవాళ్లు గంటల తరబడి ఒకే చోట కూర్చుంటారు. నలుగురితో పరిచయం ఉన్నవాళ్లు, వార్త మోసేవాళ్లు. ఒకరు నుదుటికి రాసుకుంటే కర్పూరం, నీలగిరి తైలం ఘాటు వరుసంతా తెలుస్తుంది. పక్కవాడు అడగక మానడు. అంటే ఆ మందుకు వాసనే ప్రకటన. దానికి పైసా ఖర్చులేదు, చెరిపేయడమూ కష్టం.

ఆ సంపాదనతో ఆయన చేసిన పని మరీ విశేషం. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు. 1914లో మకాం మద్రాసుకు మార్చి, ఏప్రిల్ 1 నుంచి దినపత్రిక చేశారు. 1924లో 'భారతి' సాహిత్య మాసపత్రిక వచ్చింది. మందు అమ్మిన డబ్బు పత్రికను నిలబెట్టింది, పత్రిక చేరిన ప్రతి ఇంటికీ మందు పేరూ చేరింది. ఈ రోజుల్లో కంపెనీలు వంటల వీడియోలు, ఆరోగ్య సలహాలు ఇస్తూ మధ్యలో సరుకు చూపిస్తాయి, దానికో ఇంగ్లీషు పేరు పెట్టి కొత్త విద్య అంటాయి. పంతులు గారు వందేళ్ల కిందటే చేశారు. తేడా ఏమిటంటే, ఆయన పత్రిక మందు అమ్మకం కోసం పుట్టింది కాదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన మనిషి ఆయన. మైలాపూరులో ఆయన ఉన్న ఇంటికి పేరు శ్రీబాగ్. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబరు 16న ఒప్పందం కుదిరింది ఆ ఇంట్లోనే. శ్రీబాగ్ ఒడంబడిక గురించి పరీక్షల్లో రాసే విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసో గానీ, దాని వెనక తలనొప్పి మందు సీసా ఉంది.

బుడుగు వెనక కూడా ఉంది. ముళ్లపూడి వెంకటరమణ పనిచేసిందీ, బాపు కార్టూన్లు వేసిందీ ఆంధ్రపత్రికకే. బుడుగు అచ్చయింది ఆంధ్ర వారపత్రికలో.

మందులు అమ్మి పత్రిక నడిపిన తెలుగువాడు పంతులు గారొక్కరే కాదు. ఒంగోలు ప్రాంతం నుంచి చిన్నతనంలోనే మద్రాసు చేరిన కె.ఎన్. కేసరి ఆయుర్వేదం నేర్చి కేసరి కుటీరం పెట్టారు. స్త్రీల కోసం ఆయన తయారుచేసిన 'లోధ్ర' బాగా పేరుపొందింది. 1928లో 'గృహలక్ష్మి' పత్రిక ప్రారంభించి, రచయిత్రులకు స్వర్ణకంకణాలు తొడిగారు. లోధ్ర కొనేదెవరు? స్త్రీలు. గృహలక్ష్మి చదివేదెవరు? వాళ్లే. తన సరుకు ఎవరికోసమో అంత స్పష్టంగా తెలిసిన వ్యాపారి అరుదు. ఆయన ఆత్మకథ 'చిన్ననాటి ముచ్చట్లు' చదివితే ఆనాటి మద్రాసు బజారంతా కళ్లముందు తిరుగుతుంది.

మద్రాసులో పుట్టిన బొమ్మల్లో మరొకటి దేశంలోని లారీలన్నిటికీ తెలుసు. 1946లో తిరువొత్తియూరులో బెలూన్లు తయారుచేసే చిన్న షెడ్డుగా మొదలైన మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ, అంటే ఎంఆర్ఎఫ్, 1964లో టైరు ఎత్తి పట్టుకున్న కండలవీరుణ్ని తెచ్చింది. గీసింది అలీక్ పదమ్సీ బృందం. లారీ డ్రైవరు టైరులో చూసేది బలం, ఆ బొమ్మ చెప్పేదీ అదొక్కటే. తరవాత ఆ మూడక్షరాలు సచిన్ బ్యాటు మీదికెక్కాయి. గల్లీ క్రికెట్లో పిల్లలు మామూలు బ్యాటు మీద స్కెచ్ పెన్నుతో ఎంఆర్ఎఫ్ అని రాసుకుని ఆడారు. టైరు కొనే వయసు రానివాళ్లు సొంత పెన్నుతో కంపెనీ పేరు రాయడం కంటే పెద్ద విజయం ఏ ప్రకటనకూ ఉండదు.

షాంపూ పాకెట్టుదీ ఈ ప్రాంతపు కథే. ఉన్నవాళ్లు వాడేవి లేనివాళ్లకూ అందాలన్నది కడలూరులో చిన్నికృష్ణన్ పట్టుదల. ఆ దారిలోనే ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో పదిహేను వేల రూపాయలతో విడిగా వచ్చి చిక్ షాంపూ మొదలుపెట్టారు. ఇప్పటి కెవిన్‌కేర్ అదే. సీసా కొనాలంటే నెల జీతంలో లెక్క చూసుకోవాలి, పాకెట్టుకు చిల్లర చాలు. కిరాణా కొట్టు ముందు తోరణంలా వేలాడే ఆ పాకెట్ల దండకు వేరే హోర్డింగ్ అక్కర్లేదు. కచేరీలో నమూనా సీసా చేసిన పని పల్లెలో పాకెట్టు చేసింది, కాకపోతే దీనికి డబ్బులొచ్చాయి. వాడి పారేసిన ఆ ప్లాస్టిక్కు కాలవల్లో ఏం చేస్తోందన్నది మాత్రం ఏ ప్రకటనలోనూ కనబడదు.

గోడలు, హోర్డింగుల దగ్గరికొస్తే మౌంట్ రోడ్డు ఒకప్పుడు చిత్రకళా ప్రదర్శన. చిన్న ఫొటో మీద గళ్లు గీసి, అదే లెక్కన పెద్ద గుడ్డ మీద గళ్లు వేసి, ఒక్కో గడినే పెంచుకుంటూ హీరో ముఖం గీసేవారు. దగ్గరనుంచి చూస్తే గులాబీ, నీలం, పసుపు మరకలు. రోడ్డవతల నుంచి చూస్తే చెమట పట్టిన బుగ్గ. తెలుగు పోస్టరుకూ అప్పట్లో రాజధాని ఇదే. పాలకొల్లు నుంచి వచ్చిన ఈశ్వర్ 1967లో 'సాక్షి'తో పబ్లిసిటీ డిజైనరయ్యారు. బాపు దర్శకుడైన మొదటి సినిమా కూడా అదే. ఈశ్వర్ ఆ తరవాత వేల సినిమాలకు పోస్టర్లు, టైటిళ్లు రూపొందించారు, 'సినిమా పోస్టర్' అని పుస్తకం రాశారు. 2015 సంవత్సరానికి ఆయనకు రఘుపతి వెంకయ్య పురస్కారం ప్రకటించారు. 2021లో చెన్నైలోనే కన్నుమూశారు. బాపు అక్షరమైతే సినిమా టైటిళ్లు దాటి పెళ్లి శుభలేఖల్లోకి, కంప్యూటర్ ఫాంటుల్లోకి వెళ్లింది. శుభలేఖ అచ్చువేయించే పెళ్లివారు "బాపు అక్షరాలు పెట్టండి" అంటారు. మనిషి చేతిరాత అడిగి వేయించుకునే సరుకు కావడం మన భాషలో ఇంకెవరికి జరిగింది?

ఫ్లెక్సీ వచ్చి ఆ చేతిపనిని మింగేసింది. గీయడానికి రోజులు పట్టేది గంటలో అచ్చవుతుంది, కాబట్టి ప్రతి పుట్టినరోజుకూ, ప్రతి పెళ్లికీ, ప్రతి నాయకుడి రాకకూ ఒకటి. 2019 సెప్టెంబరులో పల్లికరణై దగ్గర అనుమతి లేకుండా కట్టిన బ్యానరు ఊడి స్కూటరు మీద వెళ్తున్న ఒక యువ ఇంజనీరు మీద పడింది, వెనకనుంచి వచ్చిన లారీ కింద ఆమె ప్రాణాలు పోయాయి. మద్రాసు హైకోర్టు ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీసింది. పార్టీలు తమవాళ్లను బ్యానర్లు కట్టొద్దన్నాయి. దారిన పోయేవాడికి అడ్డుపడే బొమ్మ ప్రకటన కాదు, జులుం. ఈ మాట ఆ రంగంలోనివాళ్లే గట్టిగా అనాలి.

కొత్త తరం పేర్లలో ఊరు తనదిగా చేసుకున్నది చెన్నై సూపర్ కింగ్స్. 2008లో సిమెంటు కంపెనీ కొన్న క్రికెట్ జట్టు అది. చాలాకాలం దాని నాయకుడు రాంచీవాడు. అయినా పసుపు చొక్కా, ఈల చాలు, ఊరంతా అదే. 2016, 2017లో జట్టు నిషేధంలో ఉంది. 2018లో తిరిగొచ్చాక కావేరీ ఆందోళన వల్ల సొంత మ్యాచిలు పుణెకు మారిపోతే, అభిమానులను తీసుకెళ్లడానికి జట్టు ప్రత్యేక రైలే వేసింది. రెండేళ్లు కంటికి కనబడని సరుకు కోసం రాత్రింబవళ్లు రైల్లో వెళ్లే కొనుగోలుదారులు ఏ సబ్బుకూ లేరు.

అమృతాంజన్ ఇప్పటికీ చెన్నై కంపెనీయే. 2007లో పేరు అమృతాంజన్ హెల్త్ కేర్ అయింది. పసుపు సీసాకు తోడు వేలికి అంటకుండా రాసుకునే రోల్ ఆన్ వచ్చింది. మైలాపూరులో పంతులు గారి పేరిట ఉన్న నాగేశ్వరరావు పార్కులో పొద్దున్నే నడకకు జనం నిండుతారు. ఆంధ్రపత్రిక మాత్రం 1991లో ఆగిపోయింది.

ఆ పత్రిక పాత సంచికలు ఇంకా కొన్ని ఇళ్ల అటకల మీద ఉన్నాయి. మనవాళ్లకు వారపత్రికల్లో సీరియల్ పేజీలు కత్తిరించి బైండు చేయించే అలవాటు ఉండేది. ప్రకటనల పేజీలు పొట్లాలయ్యేవి. ఏ ఏడాది ఏం కొన్నామో, దేనికి ఆశపడ్డామో, ఏ రోగానికి భయపడ్డామో ఆ పేజీల్లోనే ఉంది. మీ ఇంట్లో ఆంధ్రపత్రిక ఉగాది సంచికో, గృహలక్ష్మి ప్రతో పూర్తిగా మిగిలి ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. దగ్గర్లోని గ్రంథాలయానికో, పాత పత్రికలను స్కాన్ చేసి దాచేవాళ్లకో అట్టతో సహా అప్పగించండి.