దేశం తరఫున మాట.. ఆంగ్లానికి బాట

విశాఖపట్నం: ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం. 2020-21 విద్యా సంవత్సరంలో రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలలకు వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల తీరు ఇది. పుస్తకంలో రెండు భాషలూ పక్కపక్కనే ఒదిగినా విద్యార్థి నోట రెండోది అంత తేలికగా పలకడం లేదు. వ్యాకరణ ప్రశ్నలకు తప్పులేకుండా జవాబులు రాసిన బాలికే, ఎదురుగా నిలిచి ఎవరైనా ఆంగ్లంలో రెండు మాటలు అడిగితే తల వంచుకుంటుంది. చదవడం వచ్చు, రాయడం వచ్చు, మాట రాదు. తెలుగు ఇళ్ల నుంచి ఆంగ్ల తరగతి గదికి వెళ్తున్న పిల్లల్లో ఎక్కువ మంది ఇబ్బంది ఇదే.

ఈ చిక్కుముడిని విప్పే మార్గాల్లో ఒకటిగా నమూనా ఐక్యరాజ్యసమితి ప్రక్రియ విద్యాసంస్థల్లో ప్రచారంలోకి వచ్చింది. విద్యార్థుల వాడుకలో దీని పేరు మోడల్ యుఎన్. విశాఖలో ఇప్పటివరకు ఇది ప్రధానంగా ప్రైవేటు పాఠశాలలు, కళాశాలల వేడుక. అవసరం ఎక్కువగా ఉన్న పిల్లలు మాత్రం దానికి వెలుపలే ఉన్నారు.

సమితి కంటే ముందే పుట్టింది

విచిత్రమేమిటంటే ఈ ప్రక్రియ ఐక్యరాజ్యసమితి కంటే పాతది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఏర్పడిన నానాజాతి సమితిని అనుకరిస్తూ 1920లలోనే అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులు సభలు జరిపారు. హార్వర్డ్ విద్యార్థుల సదస్సు తన చరిత్రను 1927 నుంచి లెక్కించుకుంటుంది. 1945లో ఐరాస ఏర్పడ్డాక సభలు కొనసాగాయి, పేరు మారింది. నెదర్లాండ్స్‌లోని ది హేగ్‌లో 1968లో మొదలైన పాఠశాల విద్యార్థుల సదస్సు ఐరోపాలో దీనికి వ్యాప్తి తెచ్చింది.

విధానం చూడడానికి సులువు. ఒక్కో విద్యార్థికి ఒక్కో దేశం కేటాయిస్తారు. ఆ దేశం పేరున్న ప్లకార్డు బల్లపై ఉంటుంది. ముందుగా చర్చనీయాంశం ప్రకటిస్తారు. దానిపై తన దేశ వైఖరిని వివరిస్తూ ప్రతినిధి ఒక పత్రం రాసుకురావాలి. సభ మొదలయ్యాక వక్తల జాబితా ప్రకారం ప్రసంగాలు, తర్వాత అధ్యక్షుని ఆధ్వర్యంలో అర నిమిషం, నిమిషం చొప్పున సాగే చర్చలు, ఆ తర్వాత కుర్చీలు వదిలి గుంపులుగా చేరి బేరసారాలు. చివరకు ముసాయిదా తీర్మానం, సవరణలు, ఓటింగు. సభలో 'నేను' అనే మాట వాడకూడదన్నది సాధారణ నియమం. 'బ్రెజిల్ ప్రతినిధి భావిస్తున్నారు' అనాలి. పిల్లలు మొదట నవ్వుకునే ఈ నియమమే వారికి గొప్ప మేలు చేస్తుంది. తప్పు మాట్లాడితే తప్పు బ్రెజిల్‌ది, తనది కాదు. బిడియస్తులకు ఇంతకంటే మంచి ముసుగు దొరకదు.

ఉక్కునగరం బాలుడు, ఆస్ట్రేలియా ప్లకార్డు

విశాఖ పిల్లలకు చర్చనీయాంశాల కొరత లేదు. వారి ఊరి బతుకే అంతర్జాతీయ వ్యవహారం. ఉక్కు కర్మాగారానికి సొంత ఇనుప ఖనిజం గనులు లేవు. కొలిమిలో వాడే కోకింగ్ బొగ్గులో అధిక భాగం ఆస్ట్రేలియా తదితర దేశాల నుంచి ఓడల్లో రావలసిందే. తయారైన ఉక్కును ఐరోపాకు అమ్మాలంటే 2026 జనవరి 1 నుంచి అక్కడ కర్బన సరిహద్దు సుంకం విధానం పూర్తిస్థాయిలో అమల్లోకి వచ్చింది. తయారీలో వెలువడిన కర్బనానికి అక్కడి దిగుమతిదారు మూల్యం చెల్లించాలి. 2021 జనవరిలో కర్మాగారం ప్రైవేటీకరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. నాటి నుంచి ఉద్యమం చూస్తూ, 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన రూ. 11,440 కోట్ల ప్యాకేజీ గురించి ఇంట్లో వింటూ పెరిగిన పిల్లలకు ఈ మాటలు కొత్త కాదు.

అలాంటి ఇంటి నుంచి వచ్చిన ఒక బాలునికి సభలో ఆస్ట్రేలియా ప్లకార్డు ఇచ్చారనుకుందాం. బొగ్గు ధర తగ్గించాలని భారత ప్రతినిధి అడుగుతారు. తండ్రి జీతం ఏ ధరపై ఆధారపడి ఉందో, ఆ ధర ఎందుకు తగ్గించలేమో ఆ బాలుడే చెప్పాలి. గనుల ఖర్చు, కార్మికుల వేతనాలు, తుపానులకు క్వీన్స్‌లాండ్ గనుల్లో నిలిచిపోయే ఉత్పత్తి.. ఇవన్నీ చదవాలి, ఆంగ్లంలో చెప్పాలి. ఐరోపా ప్రతినిధిగా కూర్చున్న బాలిక కర్బన సుంకాన్ని సమర్థించాలి. తనకు నచ్చని వాదాన్ని తన నోటితో నిజాయతీగా వినిపించడం పెద్దలకే కష్టం.

ఇక్కడ భాష వెనక్కి జరిగి విషయం ముందుకు వస్తుంది. భాష వచ్చేది సరిగ్గా అప్పుడే. దక్షిణ భారతంలో ఇది ఎప్పుడో పరీక్షకు నిలిచిన విషయం. భాషావేత్త ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు తదితర చోట్ల కొన్ని మామూలు పాఠశాలల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణ సూత్రాలు చెప్పకుండా, పటాలు, రైళ్ల వేళల పట్టికల వంటివి ఇచ్చి లెక్క తేల్చమన్నారు. మనసు అర్థంపై లగ్నమైనప్పుడు భాషా నిర్మాణం లోలోపల కుదురుకుంటుందన్నది ఆయన ప్రతిపాదన. ఆంగ్ల బోధన రంగంలో 'బెంగళూరు ప్రాజెక్టు'గా ప్రపంచమంతా దాన్ని చదువుకుంది. మోడల్ యుఎన్ ఆ కోవలోనిదే, కాస్త ఆర్భాటం ఎక్కువ.

ఒక్క 'ది' లేక అరవై ఏళ్ల తగువు

ఆంగ్లంలో తెలుగు విద్యార్థిని బాగా ఏడిపించేవి 'ఎ', 'యాన్', 'ది'. తెలుగులో అలాంటివి లేవు కనుక ఎక్కడ పెట్టాలో, ఎందుకు పెట్టాలో తోచదు. పెట్టకపోతే ఏమవుతుందని అడిగే విద్యార్థికి భద్రతా మండలి 242వ తీర్మానం చూపిస్తే చాలు. 1967 నవంబరు 22న ఆమోదించిన ఆ తీర్మానం, యుద్ధంలో ఆక్రమించిన ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ సైన్యం వైదొలగాలని చెప్పింది. ఆంగ్ల ప్రతిలో 'టెరిటరీస్' అనే మాటకు ముందు 'ది' లేదు. అన్ని ప్రాంతాల నుంచి వైదొలగాలని లేదు కదా అని ఒక పక్షం, ఫ్రెంచి ప్రతిలో అదే అర్థం ఉందని రెండో పక్షం. దాదాపు అరవై ఏళ్లయినా ఆ వాదం తెగలేదు.

2015 డిసెంబరు 12న పారిస్ వాతావరణ ఒప్పందం చివరి ఘడియల్లో ఆగిపోయింది ఇంకో చిన్న మాట దగ్గర. సంపన్న దేశాలు ముందుండి ఉద్గారాలు తగ్గించాలనే చోట 'షల్' అని ఉంది. అది చట్టబద్ధమైన బాధ్యత అవుతుందని అమెరికా అభ్యంతరం చెప్పింది. 'షుడ్' అని మార్చి, ముద్రణ దోషాన్ని సవరించినట్లు సభలో చదివి వినిపించారు. 2021 నవంబరు 13న గ్లాస్గోలో బొగ్గు విద్యుత్తును 'ఫేజ్ అవుట్' చేయాలన్న మాటను భారత్ చొరవతో 'ఫేజ్ డౌన్'గా మార్చారు. పూర్తిగా మానేయడానికీ, క్రమంగా తగ్గించుకోవడానికీ మధ్య ఉన్న తేడా బొగ్గు ఓడలు దిగే రేవు పట్టణంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. వ్యాకరణ పుస్తకంలో 'షల్', 'షుడ్' అభ్యాసానికి ఖాళీలు పూరించే విద్యార్థికి ఆ ఖాళీలో ఒక దేశపు ఖజానా ఉండవచ్చునని తెలిస్తే ఆ పాఠం రుచే వేరు.

తీర్మానం రాయడంలో తెలుగు పిల్లలకు తెలియకుండానే కలిసివచ్చే అంశం ఒకటి ఉంది. ఐరాస తీర్మానం ఎన్ని పుటలున్నా వ్యాకరణ రీత్యా ఒకే వాక్యం. సర్వప్రతినిధి సభ కర్త. ఆ తర్వాత 'గుర్తుచేసుకుంటూ', 'ఆందోళన చెందుతూ', 'స్వాగతిస్తూ' అంటూ పీఠిక సాగుతుంది. పిమ్మట 'కోరుతోంది', 'ఖండిస్తోంది', 'నిర్ణయిస్తోంది' అనే కార్యాచరణ భాగాలు. పూర్ణవిరామం చివర ఒక్కటే. తెలుగు వాచకంలో శత్రర్థకం, క్త్వార్థకం, సంక్లిష్ట వాక్యం చదువుకున్న ఉన్నత పాఠశాల విద్యార్థికి ఇది సొంత సరుకు. ముసాయిదాను మొదట తెలుగులో కూర్చి, తర్వాత ఆంగ్లంలోకి మార్చమంటే వాక్యం ఎక్కడ విరగాలో, క్రియ ఎక్కడికి జరగాలో కంటికి కనిపిస్తుంది. రెండు పుటల పుస్తకం అసలు ప్రయోజనం ఇలాంటి పనిలోనే తెలుస్తుంది.

తెలుగు మాట్లాడితే తప్పా?

చాలా సదస్సుల్లో పద్ధతి ఇందుకు భిన్నం. సభలోనే కాదు, బయట బేరసారాల్లోనూ ఆంగ్లమే మాట్లాడాలన్న ఆంక్షలు పెడతారు. ఐరాసలో మాత్రం అలాంటి ఆంక్ష లేదు. అక్కడ అధికార భాషలు ఆరు. వాటిలో లేని భాషలోనూ ప్రతినిధి ప్రసంగించవచ్చు, అనువాదం ఏర్పాటు చేసుకుంటే చాలునని సర్వప్రతినిధి సభ నియమావళి చెబుతోంది. 1977 అక్టోబరు 4న విదేశాంగ మంత్రి హోదాలో అటల్ బిహారీ వాజ్‌పేయి హిందీలో ప్రసంగించింది ఆ వెసులుబాటుతోనే. ఇక నడవల్లో ఎవరి భాష వారిది. 1992 జనవరి 31న భద్రతా మండలి తొలి శిఖరాగ్ర సమావేశంలో కూర్చున్న ప్రధాని పి.వి. నరసింహారావు 'వేయిపడగలు'ను హిందీలోకి అనువదించిన వ్యక్తి. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది కూడా ఆయనే, అదే ఏడాది ఆగస్టు 1న. బహుభాషల ప్రజ్ఞ దౌత్యానికి అడ్డు కాదనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

ద్విభాషా పాఠశాలలకు తగిన ఏర్పాటు ఒకటి ఉంది. సభలో కొందరు ప్రతినిధులను తెలుగులో మాట్లాడనిచ్చి, తోటి విద్యార్థులను దుబాసీలుగా కూర్చోబెట్టడం. ఐరాసలో దుబాసీలు జంటగా పనిచేస్తారు. అర గంటకోసారి ఒకరి చోటు మరొకరు తీసుకుంటారు, అంత శ్రమ అది. తెలుగు నుంచి ఆంగ్లంలోకైతే శ్రమ రెట్టింపు. తెలుగులో క్రియ చివర వస్తుంది. 'ఈ సవరణను మా దేశం' అని మొదలైన వాక్యం 'అంగీకరిస్తోంది' అని ముగుస్తుందో, 'తిరస్కరిస్తోంది' అని ముగుస్తుందో చివరిదాకా తెలియదు. ఆంగ్లంలో మాత్రం కర్త వెంటనే క్రియ కావాలి. వినేటప్పుడే ఊహించి, ఊహ తప్పితే దిద్దుకునే ఆ పది క్షణాల్లో విద్యార్థి నేర్చుకునేది నెల రోజుల కంఠస్థంలో రాదు.

ఆర్భాటం లేని చోట..

ఈ ప్రక్రియకు ఉన్న జబ్బులను దాచవలసిన పని లేదు. 'కన్యాశుల్కం'లో గిరీశం, వెంకటేశం పెద్దల ముందు ఆంగ్లం దంచే ఘట్టం ఉత్తరాంధ్రలో తెలియనివారు అరుదు. అర్థం ఎవరికీ అక్కరలేదు, దర్జా ముఖ్యం. నూరేళ్లు దాటినా ఆ ముచ్చట పోలేదు. విశాఖ ఉక్కపోతలో కోటు, టై బిగించి, ఉత్తమ ప్రతినిధి బహుమతి కోసం గొంతు మార్చి మాట్లాడే పిల్లలు కొన్ని సభల్లో కనిపిస్తారు. ప్రవేశ రుసుము, ప్రయాణం, దుస్తులు కలిపితే సామాన్య కుటుంబం భరించలేని మొత్తం. ఇటీవల మరో బెడద. వైఖరి పత్రాలను, ప్రసంగాలను కంప్యూటరు చేత రాయించుకు రావడం పరిపాటి అయింది. అలాంటి ప్రసంగం ఎంత నున్నగా సాగినా ఎదుటి ప్రతినిధి లేచి ఒక్క ప్రశ్న వేయగానే గుట్టు తెలిసిపోతుంది. అందుకే మార్కులు ప్రసంగానికి తగ్గించి, ప్రశ్నలకు జవాబులపై పెంచడం మేలు.

ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఈ రంగం అందనిది కాదని ఇప్పటికే రుజువైంది. 2023 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు 10 మంది న్యూయార్క్‌లోని ఐరాస ప్రధాన కార్యాలయానికి వెళ్లివచ్చారు. కేంద్రీయ విద్యాలయాల్లో 1988 నుంచి, నవోదయ విద్యాలయాల్లో 1997-98 నుంచి యువజన పార్లమెంటు పోటీలు జరుగుతున్నాయి. 2025 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం నాడు అమరావతిలో జరిగిన విద్యార్థుల మాక్ అసెంబ్లీలో 175 మంది పిల్లలు శాసనసభ్యులుగా కూర్చుని తెలుగులో వాదించారు. చర్చా పద్ధతి తెలిసిన పిల్లలకు ఇక మిగిలింది రెండో భాషే.

ఖర్చు కూడా పెద్దగా లేదు. తరగతి బల్లలు గుర్రపు డెక్క ఆకారంలో జరపాలి. అట్టముక్కలపై దేశాల పేర్లు రాయాలి. తీర్మానాల ప్రతులు ఐరాస డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి. ప్రభుత్వ పాఠశాలల్లో 2025-26 నుంచి శనివారాన్ని పుస్తకాల సంచి లేని రోజుగా పాటించాలని నిర్ణయించినందున సమయమూ చిక్కుతుంది. సభను నడిపే నియమాలు రెండు పుటలకు మించవు. ఆంగ్లం, సాంఘికశాస్త్రం, తెలుగు ఉపాధ్యాయులు ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని ఆ రెండు పుటలు ముందుగా చదువుకోవాలి. మూడు సబ్జెక్టులకు మూడు పీరియడ్లుగా కాలపట్టికను విడగొట్టిన పాఠశాలల్లో నిజంగా కష్టమైన పని అదొక్కటే.