ఇంటింటి చందాలు – మహారాష్ట్ర చట్టము చెప్పునదేమి?

శ్రావణ పూర్ణిమకు షోలాపురములో మార్కండేయ రథోత్సవము. ఆ వెనువెంటనే గణేశ ఉత్సవములు. వారపు కూలి చేతికి వచ్చిన సాయంత్రము వర్గణి పుస్తకము మన గుమ్మమునకు వచ్చును. మగ్గము మానిన వృద్ధుని మందులకని, తండ్రి పోయిన పిల్లల చదువునకని కూడ వచ్చును. మనవారు లేదనరు. కాని ఇట్లు అడుగుటకు చట్టములో కొన్ని కట్టుబాట్లు ఉన్నవని తెలిసినవారు తక్కువ.

కొన్నేండ్ల క్రితము మా పేటలో ఒక నేతగాడు మరణింపగా, అతని కుటుంబమునకై ఒక పెద్దమనిషి ఇల్లిల్లు తిరిగి సొమ్ము కూడబెట్టెను. రసీదులు లేవు. పెన్సిలుతో వ్రాసిన కాగితమొక్కటే లెక్క. వచ్చినదంతయు ఆ ఇల్లాలి చేతిలో పెట్టుట నేను కన్నులార చూచితిని. అయినను నెల తిరుగకముందే గుసగుసలు బయలుదేరినవి. లెక్క అడిగిన నాడు చూపుటకు ఆయనవద్ద ఏమియు లేదు. ఆ తరువాత ఆయన ఎవరికొరకును చందాకు బయలుదేరలేదు. కావున ఈ నియమములు ఇచ్చువారికే కాక అడుగువారికి కూడ రక్షణ అని మనవి చేయుచున్నాను.

మహారాష్ట్రలో దీనికి ఆధారము 1950 నాటి బొంబాయి పబ్లిక్ ట్రస్టుల చట్టము. ఇప్పుడు దానిని మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టమందురు. అందలి 41-సి సెక్షను ప్రకారము, ట్రస్టుగా నమోదు కాని మండలిగాని, కొందరు వ్యక్తులుగాని దైవకార్యమునకో ధర్మకార్యమునకో ప్రజలవద్ద వసూలు చేయదలచినచో ధర్మాదాయ ఆయుక్తుని కార్యాలయమునుండి అనుమతి పొందవలెను. పిమ్మట జమాఖర్చులు చూపవలెను. గణేశ మండలులు ఏటేటా అనుమతి తీసికొనుట ఇందుచేతనే. ఒక్క కుటుంబము కొరకు అడుగునది ఇందులోనికి వచ్చునా అను సందేహమున్నచో, ముందుగానే ఆ కార్యాలయమును అడుగుట క్షేమము.

రెండవది 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టము. భిక్షకై ఇతరుల ఆవరణలో ప్రవేశించుట కూడ దీని ప్రకారము భిక్షాటనయే. అయితే చట్టము అనుమతించిన కార్యమునకు, లేదా పోలీసు కమిషనరుగాని జిల్లా మేజిస్ట్రేటుగాని నిర్ణీత పద్ధతిలో అనుమతించిన కార్యమునకు అడుగుట అందులో చేరదు. అనుమతి కాగితము జేబులో ఉండవలెననుట ఇందుకే.

మూడవది బలవంతము. చందా యిచ్చుట ఇచ్చువారి ఇష్టము. ‘ఇయ్యనిచో కార్ఖానా నడవనీయము’ అని బెదిరించి పుచ్చుకొన్నది చందా కాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షను క్రింద అది నేరము.

చట్టము సంగతి అటుండగా, మన సంఘములు పాటింపదగిన పద్ధతులు కొన్ని:

1. వరుస నెంబర్లు అచ్చువేసిన రసీదు పుస్తకము వాడవలెను. ఎన్ని పుస్తకములు ఎవరికిచ్చినది వ్రాసి ఉంచవలెను.
2. ఒక్కరే వెళ్లరాదు; ఇద్దరు వెళ్లవలెను. పిల్లలను పంపరాదు.
3. సహకార సంఘపు రసీదు పుస్తకమును, ఖాతాను చందాలకు వాడరాదు.
4. సొమ్ము ఏ రోజుది ఆ రోజే బ్యాంకులో వేయవలెను.
5. ముగిసిన తరువాత జమాఖర్చులను అందరు చూచుచోట అంటింపవలెను. మిగిలినది ఏమి చేయవలెనో ముందే తీర్మానింపవలెను.

పై రెండు బొంబాయి చట్టముల సంగతి మహారాష్ట్రలోని మనవారికే చెప్పితిని. సేలము, బెంగుళూరు, బరంపురము, యానాములలోని సోదరులు తమ జిల్లా అధికారులను విచారించుకొనవలెను. పద్ధతులు మాత్రము ఎక్కడనైనను పనికివచ్చును.

ఇకమీదట చందాకు వచ్చినవారిని అనుమతి పత్రము చూపుమని, రసీదు ఇమ్మని అడుగుడు. ఇది వారిని శంకించుట కాదు. మనకొరకు ఎండలో తిరుగువారి పేరు చెడకుండ ఉండవలెననియే.