తలలూపే సభలు

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. సభల్లో మజ్జిగ కాదు, అనుమానం పలచనవుతుంది!

1986 జనవరి 27 రాత్రి అమెరికాలో, చలికి రబ్బరు వలయాలు గట్టిపడి సందు మూయలేవని రాకెట్ కంపెనీ ఇంజనీర్లు మొత్తుకున్నారు. నాసా విసుక్కుంది. నలుగురు పెద్ద మేనేజర్లు విడిగా కూడి సరేనన్నారు. మర్నాడు ఛాలెంజర్ 73 సెకన్లకే ముక్కలై, ఏడుగురు చనిపోయారు. తెలియక కాదు, తెలిసినవాళ్ల మాట నిలవక.

సిరిసిల్ల మగ్గాల సంఘమైనా, జగిత్యాల ఆఫీసైనా ఇదే తంతు. పెద్దమనిషి ముందే తన మాట చెబితే మిగతావి తలలే. అందుకే ఆయన చివర మాట్లాడాలి. అంతకుముందే ఒక్కొక్కరూ చీటీ రాసివ్వాలి.

కోరుట్ల వైపు రైతుల కూటంలో "అందరం పసుపే పెడదాం" అంటే మా బాపు కూడా తలూపుతాడు. ఇంటికొచ్చి "బాయిల నీళ్లు సాలయి బిడ్డా" అంటడు. చీటీ ఇస్తే రాసేవాడే.