జాలసేవలందు గ్రామసంజ్ఞానిర్ణయము

శబ్దశాస్త్రమునందుఁ గార్యవిధానమునకు ముందు సంజ్ఞాకరణము జరుగును. సంజ్ఞ చక్కఁగా నేర్పడినచో విధి సులభమగును. అది చెడినచో నెన్ని సూత్రములు చేసినను దోషము తీఱదు. నేఁడు కంప్యూటర్లు తమలోఁ దాము సమాచారము నిచ్చి పుచ్చుకొనుటకై నిర్మింపఁబడుచున్న వెబ్ ఏ.పి.ఐ.లకును ఈ న్యాయమే వర్తించును. ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దునందలి గ్రామనామములను, వాని వ్యుత్పత్తులను, స్థానిక వృత్తాంతములను ఒక పాఠశాలాపండితుఁడు పట్టికగాఁ గూర్చి యెల్లరకు నందింపఁ దలఁచె ననుకొందము. ఆ యుదాహరణముతో నీ విషయమును వివరించెదను.

రెస్ట్ అను నిర్మాణపద్ధతిని 2000 సంవత్సరమున రాయ్ ఫీల్డింగు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ శాఖకు సమర్పించిన సిద్ధాంతవ్యాసమునఁ బ్రతిపాదించెను. దీని ననుసరించువారు ప్రతివస్తువునకును ఒక చిరునామా కల్పింతురు. క్రియలు మాత్రము కొలఁదియే: గెట్ అనఁగాఁ జదువుట, పోస్ట్ అనఁగాఁ గ్రొత్తగాఁ జేర్చుట, పుట్ అనఁగా నున్నదాని స్థానమున సమగ్రరూపము నుంచుట, డిలీట్ అనఁగాఁ దొలఁగించుట. ధాతువులు పరిమితములు, నామము లనంతములు అను మన యెఱిఁగిన వ్యవస్థయే యిది. చిరునామా కర్మకారకము వంటిది. గెట్ వలన వస్తువున మార్పు కలుగరాదు. పుట్ ఒకమాఱు చేసినను, అదియే పదిమాఱులు చేసినను ఫల మొక్కటియే. పోస్ట్ రెండుమాఱులు చేసినచో రెండు పద్దు లేర్పడవచ్చును.

ఈ పనికిఁ బైథాను భాషలో ఫ్లాస్కు అను లైబ్రరీ కలదు. దీనిని ఆర్మిన్ రోనఖరు 2010లో వెలువరించెను. నిర్మాత ‘గ్రామములు’ అను మాటయు, దాని వెనుక నొక సంఖ్యయు గల చిరునామాకు ఒక ఫంక్షనును వ్రాసి ముడిపెట్టును. అభ్యర్థన రాఁగానే లైబ్రరీ దాని చిరునామాను, క్రియను పరీక్షించి, తగిన ఫంక్షనును బిలిచి, ఫలితమును జేసన్ రూపమున నంపును. సంఖ్య యుండవలసిన చోట నక్షరము లున్నచో వానిని దానే త్రోసిపుచ్చును. కాని దేనిని సంజ్ఞగాఁ గొనవలెనో లైబ్రరీ చెప్పదు. అది నిర్మాత వివేకమునకు విడువఁబడినది.

తొలుత నెవ్వరికైనను దోఁచునది జిల్లా, మండలము, గ్రామము అను వరుస. ఈ సీమలో నది నిలువదు. కూనవరము శబరీగోదావరుల సంగమమున నున్న యూరు. 1959 వఱకు నిది తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. ఆ యేఁట ఖమ్మము జిల్లాలోఁ జేరెను. 2014లో, పోలవరము ప్రాజెక్టు ముంపును బట్టి, ఆంధ్రప్రదేశమునకుఁ బోయి మఱల తూర్పుగోదావరి జిల్లాలోని దయ్యెను. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోఁ జేర్పఁబడెను. భద్రాచలపట్టణమో తెలంగాణముననే నిలిచి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని దయ్యెను. ఊరు కదలలేదు, జిల్లా పలుమాఱులు మాఱినది. జిల్లాపేరు చిరునామాలో నున్నచోఁ బ్రతిమార్పునకును బాతచిరునామాను బేర్కొన్న వ్యాసము లన్నియు వ్యర్థము లగును.

పేరు మాత్రమే సంజ్ఞగాఁ గొన్నను జిక్కు తీఱదు. కూనవరము, కూనవరం అను రెండును మనకు నొక్క శబ్దమే. యూనికోడునందు మొదటిదాని తుద మకారోకారములకు రెండు సంకేతములు, రెండవదాని తుద పూర్ణబిందువున కొక్కటియే. కావున యంత్రమునకవి వేఱు శబ్దములు. జనాభాలెక్కల సంఖ్యను గొందమన్న, 2011లో రెవెన్యూ గ్రామములకు ఆఱంకెల సంఖ్యలు గలవు గాని, వానిలోని గూడెములకు వేఱుసంఖ్యలు లేవు. కోయల యూళ్ల పేళ్లు కూర్పఁదలఁచినవానికి గూడెములే ముఖ్యములు.

కావున నర్థము లేని వరుససంఖ్యనే సంజ్ఞగాఁ గొనవలెను. పేళ్లరూపములు, జిల్లా, జనాభాలెక్కల సంఖ్య యనునవి యన్నియు విశేషణములుగా, సంవత్సరములతో, లోపల నుండవలెను. చిరునామా మార్చుట తప్పనిసరియైనచో 301 అను ప్రత్యుత్తరసంఖ్యతోఁ గ్రొత్తచోటును జూపవలెను. ఇది స్థానికి బదులు వచ్చిన యాదేశము వంటిది.

మఱియొకటి. 404 అను ప్రత్యుత్తరము ‘కానరాలేదు’ అని మాత్రమే తెలుపును. 410 ‘ఉండి పోయినది’ అని తెలుపును. రెండవది మన లోపసంజ్ఞకు సన్నిహితము, ఉన్నదాని యదర్శనమే లోపము గదా! అయినను ముంపునఁ బోయిన యూరికి నీ రెండును దగవు. జనులు పునరావాసకాలనీలకుఁ జేరినను ఊరిపేరు భాషయొక్క సొత్తు. తప్పుగా నెక్కిన పద్దునకే డిలీట్ వాడవలెను. మునిఁగిన యూరికి ‘ముంపు’ అను విశేషణమును జేర్చి, దాని చిరునామాను యథాతథముగా నిలుపవలెను. భూమిపైఁ జోటు గోల్పోయిన నామమునకుఁ బట్టికలోని యా సంఖ్యయే యునికిపట్టు. గ్రామనామసేకరణకుఁ బూనిన పండితులు లైబ్రరీని ముట్టుటకు ముందే యీ సంజ్ఞావిచారము చేయుదురుగాక.