పాత కారుకి ఈసీయూ అప్‌గ్రేడ్: రీమ్యాపా, పిగ్గీబ్యాకా, స్టాండలోనా?

ఫోన్ కొనేటప్పుడు మనం మొదట చూసేది చిప్‌సెట్, తర్వాత ర్యామ్. పాత కారుకి ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, మార్చాలనుకునే వాళ్లు కూడా అదే అలవాటుతో స్పెక్ షీట్ తెరుస్తారు. కానీ ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. హాబీగా ఇంజిన్లు ట్యూన్ చేసేవాళ్లలో బాగా పాపులర్ అయిన స్పీడుయినో అనే ఓపెన్ సోర్స్ ఈసీయూ మొదలైంది ఆర్డుయినో మెగా బోర్డు మీద. అంటే 8 బిట్ ప్రాసెసర్, 16 మెగాహెర్ట్జ్ స్పీడ్, 8 కేబీ ర్యామ్. ఇప్పటి బడ్జెట్ ఫోన్ ముందు ఇది ఎందుకూ పనికిరాదు. అయినా నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ని హాయిగా నడిపేస్తుంది.

ఎలాగంటే, 6000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక చుట్టు తిరగడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్క డిగ్రీకి దాదాపు 28 మైక్రోసెకన్లు. ఆ టైమ్‌లో 16 మెగాహెర్ట్జ్ చిప్‌కి 440కి పైగా క్లాక్ సైకిల్స్ దొరుకుతాయి. లెక్కలకి అవి చాలు. అందుకే బాక్స్ ఎంత ఫాస్ట్ అన్నది అసలు ప్రశ్న కాదు. అందులోని నంబర్లు ఎవరు నింపుతారు, అవి సరిగ్గా ఉన్నాయో లేదో ఎలా చెక్ చేస్తారు అన్నదే ప్రశ్న.

ఈసీయూ లోపల ఏముంటుంది?

పెట్రోల్ ఇంజిన్‌లో ఈసీయూ ముఖ్యంగా రెండు నిర్ణయాలు తీసుకుంటుంది: ఎంత పెట్రోల్ కొట్టాలి, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి. దీనికోసం ఒకవైపు ఆర్‌పీఎం, ఇంకోవైపు లోడ్ పెట్టి ఒక టేబుల్ చూసుకుంటుంది. స్పీడుయినోలో ఫ్యూయల్ టేబుల్ 16 అడ్డం, 16 నిలువు. మొత్తం 256 గడులు, ప్రతి గడిలో ఒక నంబర్. స్పార్క్‌కి ఇలాంటిదే ఇంకో టేబుల్. కంపెనీ ఇంజినీర్లు చలిలో, ఎండలో, కొండల మీద టెస్ట్ చేసి ఈ నంబర్లు ఖాయం చేస్తారు. మీరు ఈసీయూ మార్చారంటే ఆ బాధ్యత మీ మీదికో, మీ ట్యూనర్ మీదికో వచ్చినట్టే.

ఆప్షన్ 1: రీమ్యాప్

ఫోన్ భాషలో చెప్పాలంటే ఇది కస్టమ్ రామ్. హార్డ్‌వేర్ అదే, లోపలి నంబర్లే మారతాయి. టర్బో ఇంజిన్లకి ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌తోనే బూస్ట్ పెంచొచ్చు. టర్బో లేని మారుతి ఎస్టీమ్ లాంటి 1.3 లీటర్ పెట్రోల్ కారులో మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. గాలి ఎక్కువ వెళ్లే దారి లేనప్పుడు నంబర్లు మార్చి లాగేది కొంచెమే.

టర్బో ఉన్నా ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఒకప్పుడు మన రోడ్ల మీద ఎక్కడ చూసినా కనిపించిన ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజిన్‌నే తీసుకోండి. అదే 1248 సీసీతో స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్, ఎస్‌ఎక్స్4లో 90 హార్స్‌పవర్ ఇచ్చారు. ఆ తేడా ఒక్క సాఫ్ట్‌వేర్‌తో రాలేదు. 90 వెర్షన్‌కి వేరే టర్బో, అంటే వేరియబుల్ జామెట్రీ టర్బో పెట్టారు. రీమ్యాప్‌తో పవర్ రాదని కాదు. కానీ హార్డ్‌వేర్ మారకుండా పెరిగే పవర్ కంపెనీ వదిలిపెట్టిన సేఫ్టీ మార్జిన్‌లోంచే వస్తుంది. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన టర్బో, క్లచ్‌లలో ఆ మార్జిన్ ఇంకా ఎంత మిగిలిందో ముందు చూసుకోవాలి.

ఆప్షన్ 2: పిగ్గీబ్యాక్

ఇది ఒరిజినల్ ఈసీయూకి, సెన్సర్లకి మధ్యలో కూర్చునే చిన్న బాక్స్. ట్యూనింగ్ బాక్స్ అని కూడా అంటారు. కామన్ రైల్ డీజిల్ కార్లకి దొరికే చాలా బాక్సులు చేసేది ఒక్కటే: రైల్ ప్రెషర్ ఉన్నదానికంటే తక్కువని ఈసీయూకి చూపిస్తాయి. అది నమ్మి ఈసీయూ ప్రెషర్ పెంచుతుంది, ఇంజిన్‌లోకి డీజిల్ ఎక్కువ వెళ్తుంది.

ప్లస్ ఏంటంటే, ప్లగ్ చేసినంత ఈజీగా తీసేయొచ్చు. మైనస్ కూడా అక్కడే ఉంది. ఇంజిన్‌ని కాపాడాల్సిన ఈసీయూకే మీరు తప్పు సమాచారం ఇస్తున్నారు. నిజమైన ప్రెషర్ లిమిట్ దాటినా దానికి తెలియదు. మూడు ఆప్షన్లలో ఇన్‌స్టాల్ చేయడం సులువైంది ఇదే. లోపల ఏం జరుగుతోందో మనకి అతి తక్కువగా కనిపించేదీ ఇదే.

ఆప్షన్ 3: స్టాండలోన్

ఇది ఏకంగా మదర్‌బోర్డ్ మార్చడం. 2001లో వచ్చిన మెగాస్క్వర్ట్, ఆస్ట్రేలియా కంపెనీ హాల్టెక్, న్యూజిలాండ్ కంపెనీ లింక్, పైన చెప్పిన స్పీడుయినో ఈ కోవలోకి వస్తాయి. పాత కారుకి టర్బో బిగించినా, క్యామ్ మార్చినా, కార్బురేటర్ తీసి ఇంజెక్షన్ పెట్టినా ఇదే సరైన దారి.

కొనేముందు మీ కారులో క్రాంక్ సెన్సర్ చక్రానికి ఎన్ని పళ్లున్నాయో, ఆ ప్యాటర్న్‌ని కొత్త ఈసీయూ సపోర్ట్ చేస్తుందో లేదో చూడండి. ఇది కుదరకపోతే ఇంజిన్ స్టార్టే అవ్వదు. తర్వాత లిస్టు రాసుకోండి: ఏసీ వేసినప్పుడు ఐడిల్ పెంచడం, రేడియేటర్ ఫ్యాన్, టాకోమీటర్, ఇమ్మొబిలైజర్. ఒరిజినల్ ఈసీయూ చడీచప్పుడు లేకుండా చేసిపెట్టే ఇలాంటి పనులన్నీ ఇప్పుడు మీరే సెట్ చేయాలి. మే నెల ట్రాఫిక్‌లో ఏసీ వేయగానే ఇంజిన్ ఆగిపోతే పెరిగిన పవర్‌తో పనేముంది?

కొలవకుండా ట్యూన్ చేయొద్దు

పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక గ్రాముకి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఫుల్ లోడ్‌లో పెట్రోల్ ఇంకా ఎక్కువ ఇస్తారు. టర్బో లేని ఇంజిన్‌కి సాధారణంగా 12.5 నుంచి 13 మధ్య ఉంచుతారు. పాత కార్లలో కనిపించే నారోబ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ 14.7కి అటా ఇటా అని మాత్రమే చెప్పగలదు. ఎంత దూరంలో ఉందో కచ్చితంగా చెప్పలేదు. అందుకే వైడ్‌బ్యాండ్ సెన్సర్ తప్పనిసరి. ఫుల్ లోడ్‌లో పెట్రోల్ తగ్గినా, స్పార్క్ మరీ ముందుగా పడినా నాకింగ్ మొదలవుతుంది. అది ముదిరితే పిస్టన్ కరిగిపోతుంది. కోడ్‌లో బగ్ ఉంటే యాప్ క్రాష్ అవుతుంది, రీస్టార్ట్ చేస్తాం. ఇక్కడ రీస్టార్ట్ ఉండదు, ఇంజిన్ విప్పడమే.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ వివరాలకి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. మార్పు సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర కూడా పేచీ రావచ్చు. ట్రాక్ కోసం ఉంచుకున్న కారు వేరు, రోజూ ఆఫీసుకి తిరిగే కారు వేరు.

మరి ఏది తీసుకోవాలి?

ముందు కారు ఆరోగ్యం చూడండి. కంప్రెషన్ టెస్ట్ చేయించండి, స్పార్క్ ప్లగ్‌లు, ఇంజెక్టర్లు, వ్యాక్యూమ్ లీకులు చెక్ చేయించండి. "పికప్ తగ్గింది" అనే చాలా కంప్లయింట్లు ఇక్కడే తీరిపోతాయి.

అన్నీ బాగున్నాక, టర్బో కారు స్టాక్‌గానే ఉంటే రీమ్యాప్. టర్బో లేని కారు స్టాక్‌గా ఉంటే ఆ డబ్బు టైర్లకి, బ్రేకులకి, సస్పెన్షన్‌కి పెట్టండి. ఇంజిన్ హార్డ్‌వేరే మారితే స్టాండలోన్. పిగ్గీబ్యాక్ చివరి ఆప్షన్.

ఏది ఎంచుకున్నా ట్యూనర్‌ని మూడు అడగండి: నా ఒరిజినల్ ఫైల్ బ్యాకప్ ఇస్తారా? నా కారు లాగ్స్ చూసి ట్యూన్ చేస్తారా, లేక అందరికీ వేసే ఫైలే వేస్తారా? ముందు, తర్వాత డైనో రిపోర్ట్ చూపిస్తారా? మూడింటికీ అవును అనే ట్యూనర్ దొరికితే మామూలు బాక్స్ అయినా చాలు. దొరకకపోతే ఎంత ఖరీదైన బాక్స్ కొన్నా దండగే.