అమ్మమ్మ గ్లాసు రంగు ఎక్కడికి పోయింది?

ముందే చెప్పేస్తున్నా, ఈ ఆర్టికల్ రాయడానికి కారణం నేను చేసిన ఒక వెధవ పని. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి, భాషలో తప్పులుంటే కూడా క్షమించేయండి.

సంక్రాంతి సెలవులకి నరసరావుపేటలో అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లాను. అక్కడ షోకేసులో రెండు గాజు గ్లాసులుంటాయి. చూడ్డానికి నారింజ రంగు. కానీ కాస్త తిప్పితే ఆకుపచ్చ, వంకాయ రంగు, బంగారు రంగు మారిమారి మెరుస్తాయి. వాన నీళ్లలో పెట్రోల్ చుక్క పడితే కనిపిస్తుందే, అలా. అమ్మ పుట్టిన ఏడాది తాతయ్య కోటప్పకొండ తిరునాళ్లలో ఆరు గ్లాసుల సెట్టు కొన్నారట. నాలుగు పగిలిపోయాయి. తాతయ్య కూడా ఇప్పుడు లేరు.

ఒక గ్లాసుకి ఉప్పునీళ్ల తెల్లమరకలు పట్టి ఉన్నాయి. అమ్మమ్మకి సర్‌ప్రైజ్ ఇద్దామని బాత్రూం కడిగే యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టాను. పొద్దున చూస్తే మరక పోయింది. రంగు కూడా పోయింది. చేతిలో మామూలు తెల్లగాజు గ్లాసు మిగిలింది.

గాజులో ఉన్న రంగు అసలెలా పోతుంది? ఆ డౌట్‌తోనే చదవడం మొదలుపెట్టాను.

ఇలాంటి గాజుని కార్నివాల్ గ్లాస్ అంటారు. దీని కథ ఖరీదైన వస్తువులతో మొదలైంది. 1890లలో న్యూయార్క్‌లో లూయిస్ కంఫర్ట్ టిఫనీ 'ఫావ్రిల్' పేరుతో మెరిసే గాజు సామాను చేయించాడు. అంతా చేత్తో ఊది చేసినవే, డబ్బున్నవాళ్లే కొనగలిగేవారు. 1907లో అమెరికాలోనే వెస్ట్ వర్జీనియాలో ఉన్న ఫెంటన్ కంపెనీ అలాంటి మెరుపునే చవగ్గా తెచ్చింది. కరిగిన గాజుని అచ్చులో నొక్కడం, అది వేడిగా ఉండగానే లోహపు లవణాల ద్రావణం స్ప్రే చేయడం, అంతే. నార్త్‌వుడ్, ఇంపీరియల్ లాంటి కంపెనీలు కూడా వెంటనే మొదలుపెట్టాయి. అందుకే దీనికి 'పేదవాడి టిఫనీ' అని ఇంకో పేరు. కార్నివాల్ అన్న పేరు మాత్రం చాలా తర్వాత, 1950ల తర్వాత, సేకరించేవాళ్లు పెట్టుకున్నది. తిరునాళ్లలాంటి సంబరాల్లో ఆటల్లో గెలిచినవాళ్లకి వీటిని బహుమతిగా ఇచ్చేవాళ్లని చెప్పుకోవడం వల్ల అలా స్థిరపడింది. మా గ్లాసులు నిజంగానే తిరునాళ్లలో కొన్నవి కదా, అది చదివి నాకు నవ్వొచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్. ఇనుము, తగరం క్లోరైడ్‌ల ద్రావణాన్ని వేడి గాజు మీద కొడితే పైన సన్నటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని మందం మన తల వెంట్రుకలో నూరో వంతు కంటే తక్కువ. పొర పైభాగం నుంచి కొంత వెలుగు, అడుగు నుంచి కొంత వెలుగు వెనక్కి వస్తాయి. ఆ రెండూ కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని రద్దవుతాయి. మనం చూసే కోణం మారితే రంగు మారుతుంది. ఫస్టియర్ ఫిజిక్స్‌లో థిన్ ఫిల్మ్ ఇంటర్‌ఫెరెన్స్ అని పరీక్ష కోసం బట్టీ పట్టామే, అదే ఇది! సబ్బు బుడగ కూడా అంతే.

అంటే మెరుపు గాజులో లేదు, గాజు మీద ఉంది. మా గ్లాసుల్లాంటి నారింజ రకాన్ని మారిగోల్డ్ అంటారు. ఇందులో గాజు రంగులేనిదే, రంగంతా పై పొరది. ఆ పొరలో ఉండేది ముఖ్యంగా ఇనుము ఆక్సైడ్. తుప్పు మరకని పోగొట్టే యాసిడ్ దాన్ని మాత్రం ఎందుకు వదిలేస్తుంది? నేను మరకనీ, మెరుపునీ కలిపి కడిగేశాను.

మిగతా రకాల్లో నీలం, ఊదా, ఆకుపచ్చ లాంటి రంగు గాజు మీద పొర ఉంటుంది. అందుకే సేకరించేవాళ్లు ముందు వస్తువుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, లోపలి గాజు రంగేంటో చూస్తారు. తర్వాత అడుగు చూస్తారు. గీతతో ఎన్ అక్షరం, చుట్టూ సున్నా ఉంటే నార్త్‌వుడ్. పాత ఫెంటన్ వాటి మీద పేరుండదు, అచ్చులో పేరు వేయడం 1970లో మొదలైంది.

మా గ్లాసు అడుగున ఏముందో తెలుసా? ఇంగ్లీష్ అక్షరాల్లో 'జైన్'. అమెరికా కాదు, ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్! మనింట్లో గాజులు ఎక్కువగా వచ్చేది ఆ ఊరి నుంచే. అక్కడి జైన్ గ్లాస్ వర్క్స్ కార్నివాల్ గ్లాసులు, ఏనుగు బొమ్మల వేజ్‌లు, చేప ఆకారం వేజ్‌లు చేసింది. వాటిని ఇప్పుడు విదేశాల్లో కూడా వెతికి మరీ సేకరిస్తున్నారు. మన షోకేసుల్లో ఉన్నవి మాత్రం మనం తిప్పి కూడా చూడం.

మీ ఇంట్లో ఇలాంటివుంటే గోరువెచ్చని నీళ్లు, కొంచెం మెత్తటి సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. స్టీల్ పీచు, యాసిడ్, డిష్‌వాషర్ వద్దు. తెల్ల మరక ఉంటే ఉండనివ్వండి.

అమ్మమ్మకి విషయం చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆవిడ గ్లాసు తీసుకుని కాసేపు తిప్పి చూసింది. ఏమీ అనలేదు. నేను అడుగున ఉన్న అక్షరాలు చూపించాను. వేలితో తడిమి, "ఇన్నేళ్లూ దీని కింద రాత ఉందనే తెలీదు నాన్నా" అంది. తర్వాత దాన్ని తుడిచి మళ్లీ షోకేసులోనే, రంగున్న గ్లాసు పక్కన పెట్టింది. "అది తీసెయ్ అమ్మమ్మా, చూస్తే నాకు బాధగా ఉంది" అన్నాను.

"రెండూ మీ తాతయ్య తెచ్చినవే కదా" అంది.